మాట పూర్తయ్యేదాకా ఆగే మనిషి

మొన్న మా ఆఫీసు మీటింగులో నేను మొదలుపెట్టిన వాక్యం ఒక్కటి కూడా చివరిదాకా పోలేదు. సగంలో ఒకాయన అందుకున్నాడు. ఆయన సగంలో ఉండగా ఇంకొకామె అందుకుంది. ఆమె మాటను మా మేనేజరు అందుకున్నాడు. అట్లా ఒకరి మాట మీద ఒకరం ఎక్కి తొక్కుకుంటూ గంట గడిపి, అందరం ఒప్పుకున్నట్టు తలలూపి లేచాం. నాకు కోపం రావడం న్యాయం కాదు. ఆ పనిలో నేనేం తక్కువ తినలేదు. చిన్నప్పటి నుంచీ మా అమ్మ నన్ను వసపిట్ట అనే పిలుస్తుంది. కానీ ఆ రోజు బయటికొచ్చి హబ్సిగూడ మెట్రో మెట్లెక్కుతుంటే, చెప్పలేకపోయిన మాటలన్నీ నాలో నేనే చెప్పుకున్నాను. అప్పుడు అక్క గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా తప్పే, మరిచిపోయిందెప్పుడు గనక.

అక్క అంటే నా తోడబుట్టిన అక్క కాదు. నలభై దాటిన నర్సు. నాచారంలో ఒక ప్రైవేటు దవాఖానాలో పనిచేసేది, చెంగిచెర్లలో కొత్తగా లేచిన కాలనీలో ఉండేది. పేరు చెప్పను. అచ్చులో తన పేరు చూస్తే చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏంది చెల్లె గిట్ల జేసినవ్ అంటుంది. నేనేమో అప్పటికి డిగ్రీ ముగించి, చిన్న ఉద్యోగమొకటి చేసి విడిచిపెట్టి, చిల్కానగర్‌లో అమ్మ దగ్గర ఉంటూ, బయటి దేశంలో పైచదువుకు సీటు తెచ్చుకున్నదాన్ని. ఇద్దరికీ ఒకే యూనివర్సిటీ, ఒకే చదువు, ప్రజారోగ్యం. ఇద్దరికీ ఒకే షరతు. అక్కడికి వెళ్లేముందు వాళ్లు పెట్టే ఇంగ్లీషు కోర్సును ఆ వేసవిలో ఆన్‌లైన్లో చదివి పాసవ్వాలి. పాసైతేనే సీటు ఖాయం. లేదంటే అంతే సంగతులు.

ఆ ఇంగ్లీషు మనం అనుకునే ఇంగ్లీషు కాదు. మన గ్రామరు తప్పులను వాళ్లు పెద్దగా పట్టించుకోరు. పేరున్న ఒక పెద్దాయన రాసిన వ్యాసం చేతికిచ్చి, ఇందులో ఏ మాట నిలబడదో చెప్పమంటారు. నలుగురైదుగురిని ఒకచోట కూర్చోబెట్టి వాదించుకోమంటారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో మర్యాదగా దూరి, మీతో నేను ఏకీభవించను అనాలట. ఊరుకున్నవాళ్లకు మార్కుల్లేవు. రేపు అక్కడి క్లాసులు అట్లాగే ఉంటాయి కాబట్టి ముందే అలవాటు చేస్తారు. నాకది పుట్టుకతో వచ్చిన విద్య. అక్కకు అదే గండమైంది.

మొదటి రోజు క్లాసులో మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచి, ఎక్కడినుంచో చెప్పమంది. మేడమ్ అక్కడి మనిషి, ఓపిక గల మనిషి. నేను హైదరాబాద్ అని చెప్పి కూర్చున్నాను. కాసేపటికి ఇంకో తెలుగు పేరు పిలిచింది. తెర మీద ఒక చిన్న గడిలో ఉన్న ముఖం చటుక్కున పైకి పోయింది. దాని చోట చున్నీ అంచు, మెడలో వేలాడే దవాఖానా కార్డు కనిపించాయి. టీచరు పేరు పిలిచిందని లేచి నిలబడింది. చేతులు కట్టుకుని, తల కెమెరాకు అందకుండా, తనూ హైదరాబాదేనని చెప్పింది. మేడమ్ కంగారుపడి, మీరు వెళ్లిపోతున్నారా అని అడిగింది. లేదు మేడమ్, చెప్తున్నా మేడమ్ అని గడిలోని కార్డు జవాబిచ్చింది. నాకు నవ్వాగలేదు. కానీ ఆ నిలబడటం ఏ బడిలో నేర్చుకుందో నాకు తెలుసు. మేమంతా అట్లా నిలబడి పెరిగినవాళ్లమే.

క్లాసు అయిపోగానే మెసేజ్ పెట్టాను. చూస్తే ఆమె మా ఇంటికి షేర్ ఆటో దూరంలోనే ఉంది. వాళ్ల కాలనీకి అప్పటికి సరైన నెట్టు లేదు. ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి, కొంగు నెత్తిన కప్పుకుని, మిట్టమధ్యాహ్నం మేడ మీద వాటర్ ట్యాంకు నీడలో క్లాసు విన్నదట. మా ఇంటికి వచ్చేయ్ అక్కా అన్నాను. అట్లా మొదలైంది.

అక్కడివాళ్లకు పొద్దున, మనకు భోజనాలైన వేళ. ఆమె పొద్దుటి డ్యూటీ ముగించుకుని నాచారం నుంచి నేరుగా వచ్చేది. వచ్చీ రాగానే పెరట్లో నల్లా దగ్గర మోచేతుల దాకా సబ్బు పెట్టి కడిగేది. లాప్‌టాప్ తీయడానికి అంత కడుగుడెందుకు, ఆపరేషన్ చేస్తదా ఏంది అని మా అమ్మ నా చెవిలో గొణిగేది. తర్వాత ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా తీసి సర్వపిండి ముక్కలు అమ్మకు ఇచ్చాక, ఆ గొణుగుడు ఆగిపోయింది. నేను లోపలి గదిలో, ఆమె హాల్లో మా తమ్ముడి పాత లాప్‌టాప్ ముందు. ఫ్యాను వేసుకోవడానికి కూడా అడిగేది. మేడమ్ పేరు పిలిస్తే లేవొద్దు అని ఎంత చెప్పినా మోకాళ్లు మాట వినేవి కావు. చివరికి నేనే ఒక ఉపాయం చేశాను. క్లాసు మొదలయ్యేముందే ఆమె ఒళ్లో దిండు పెట్టి, దాని మీద పుస్తకాలన్నీ పేర్చేదాన్ని. లేస్తే పడతాయన్న భయానికి కూర్చునేది.

ఆమె వినే తీరు చెప్పాలి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల ఒక పక్కకు వాల్చి, కళ్లలోకి కాకుండా గడ్డం వైపు చూసేది. మధ్యలో ఊ కొట్టేది కాదు. ఫోన్ మోగినా చూసేది కాదు. మనం చెప్పడం అయిపోయాక కూడా వెంటనే మొదలుపెట్టేది కాదు. కాసేపు అట్లాగే ఉండేది. మొదట్లో నాకు విసుగొచ్చింది. ఏందక్కా, నేను చెప్పింది అర్థం కాలేదా అని అడిగాను. అర్థమైంది అంది. మరి ఎందుకాగినవ్ అంటే, చెప్పింది: "నొప్పెక్కడ అని అడిగితె ముందుగాల కడుపు అంటరు చెల్లె. జర ఆగినమనుకో, అసలుది అప్పుడు చెప్తరు."

నేను అందరికీ మాటల మనిషిని. మాట్లాడేవాళ్లకు బాధలుండవని జనం అనుకుంటారు. ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. కరెంటు పోయింది, దాంతో నెట్టు పోయింది, క్లాసు సగంలో ఆగిపోయింది. అమ్మ నిద్రపోతోంది. హాల్లో ఇద్దరం గోడకు చేరగిలబడి కూర్చున్నాం. ఊరికే ఉండలేక నేనేదో మొదలుపెట్టాను. అక్కడ చలి ఎట్లా ఉంటుందో, కోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా, ఇద్దరం ఒకే గది తీసుకుంటే వంట ఎవరు చేయాలి. నా మాటలు అయిపోయాయి. ఆమె ఆగింది. ఇంకేం లేదక్కా అన్నాను. ఆమె ఆగే ఉంది. అప్పుడు నా నోట్లోంచి, నాకు పోవాలంటే భయమైతున్నదక్కా అని వచ్చింది. అది నాకే తెలియదు. అందరి ముందూ గొప్పగా చెప్పుకుని తిరుగుతున్న చదువది. ఒక్కదాన్నే అక్కడ పడిపోతే ఎత్తేవాళ్లెవరు అని, నాన్న పోయాక అమ్మను విడిచి ఒక్క రాత్రి కూడా ఎక్కడా పడుకోలేదని, ఏవేవో వచ్చాయి. ఏడ్చాను కూడా. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. భయపడొద్దు అనలేదు. చివరిదాకా విని, ఇంకా కాసేపు ఆగి, అప్పుడు నా చేతి మీద చెయ్యి వేసింది. "నేను గూడ వస్తున్న గద," అంది. అంతే. నేనిప్పటికీ ఎవరి దగ్గరా అంత తేలికపడలేదు.

కానీ ఆ గుణమే ఆమెకు సీటు పోగొట్టేలా ఉంది. వాదన క్లాసులో ఆమె ఉన్న గ్రూపులో నైజీరియా నుంచి ఒక పెద్దమనిషి ఉండేవాడు. పాదిరి గారి అబ్బాయి, మాట్లాడటం మొదలుపెడితే ఎక్కడా కామా పడదు. ఆయన ఊపిరి తీసుకునే సందులో ఇద్దరు చైనా అమ్మాయిలు దూరేవాళ్లు. అక్క మాత్రం వాళ్లందరిదీ అయిపోవాలని చూసేది. వాళ్లది అయిపోయేసరికి టైమే అయిపోయేది. లాప్‌టాప్ మూసి, చెప్పాలనుకున్నదంతా నాకు చెప్పేది. మంచి మాటలు చెప్పేది. నాకు చెబితే మార్కులెవరిస్తారు.

రాతలోనూ అదే తంతు. వ్యాసంలో లోపం రాయమంటే మూడు పేజీలు ఆ రచయితను మెచ్చుకుంది. తప్పు పట్టాలక్కా అంటే, ఆయన అంత కష్టపడి రాసిండు, నేనెవరు తప్పు దీసెదానికి అని అడిగింది. అయితే ఎవరు ఏ మాట ఎప్పుడన్నారో వ్యాసం కింద రిఫరెన్సులుగా రాయాల్సిన చోట ఆమెకు తిరుగులేదు. దవాఖానాలో డాక్టరు నోటిమాట కూడా టైముతో సహా రాసి సంతకం పెట్టే అలవాటట. ఆ ఒక్కదానికి మేడమ్ ఆమెను పొగిడింది. ఆ సంతోషానికి ఆమె మర్నాడు మా అమ్మకు పువ్వులు కొనుక్కొచ్చింది.

కోర్సు సగం దాటాక మేడమ్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడింది. అక్కతో మెత్తగానే చెప్పింది. మీరంత బాగా వినేవాళ్లను నేను చూడలేదు, కానీ చివరి పరీక్షలో కూడా ఇట్లాగే ఉంటే మిమ్మల్ని పాస్ చేయలేను. అక్క థాంక్యూ మేడమ్ అని లాప్‌టాప్ మూసింది. వంటింట్లోకి వచ్చి, అడగకుండానే అమ్మ చేతిలోని చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. నేనే కదిపాను. ఇక్కడ మంచి ఉద్యోగమే కదక్కా, అంత దూరం పోవాలని ఎందుకంత ఆశ అని. చిక్కుడుకాయలు చూసుకుంటూనే చెప్పింది.

"రౌండ్స్‌ల డాక్టర్ ఎనక నిలబడ్త. ఫైలు పట్టుకుంట. అడిగినదానికి జవాబు చెప్త. ఇన్నేండ్ల సర్వీసుల, సిస్టర్ నువ్వేమనుకుంటున్నవ్ అని ఒక్కలు గూడ అడగలే. అక్కడ క్లాసుల గదే అడుగుతరంట గద చెల్లె. గందుకు పోతున్న."

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. ఎట్లాగైనా ఆమె చేత మాట్లాడించాలి. ఇక రోజూ క్లాసు తర్వాత మా ఇద్దరికీ ఇంకో క్లాసు. నేను ఇంగ్లీషులో ఆపకుండా మాట్లాడాలి, ఆమె మధ్యలో నన్ను ఆపాలి. అదే ఆట. మొదటి రోజు మా కాలేజీలో ఒక పిల్ల విషయంలో జరిగిన గొడవ చెప్పడం మొదలుపెట్టాను. ఆమె తల వాల్చింది. నేను చెప్తూనే ఉన్నాను. అక్కా, ఆపు అని సైగ చేశాను. "ఆపుత గని, గా పిల్ల మళ్ల కాలేజికి వచ్చిందా?" అని అడిగింది. నా తలకాయ పట్టుకున్నాను. కథ చెబితే లాభం లేదని మర్నాడు బిస్కెట్ ప్యాకెట్ వెనక రాసింది చదివాను. గోధుమ పిండి, చక్కెర, పామాయిలు. దానికీ తల వాల్చింది. చివరిదాకా విని, ఉప్పు గూడ ఏస్తరా అంది. మా అమ్మ పడీ పడీ నవ్వింది. నా మాట మీద ఎక్కి మాట్లాడక్కా, నేనేమీ అనుకోను అని బతిమాలేదాన్ని. తలూపేది. మళ్లీ అదే. ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా ఆమెను ఆటో ఎక్కించడానికి నడుస్తూ కూడా ఆ పాఠమే. హారన్ల మధ్య నేను అరుస్తూ ఉపన్యాసం ఇచ్చేదాన్ని, ఆమె పక్కన నడుస్తూ శ్రద్ధగా వినేది. దారిన పోయేవాళ్లు నన్నే చూసేవాళ్లు.

ఒక ఆదివారం వాళ్ల చర్చికి రమ్మంది. చెంగిచెర్లలో రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, పైన తిరిగే ఫ్యాన్ల కన్నా కింద విసురుకునే చేతులే ఎక్కువ. నేను ఏ చర్చికీ పోయినదాన్ని కాదు. వెనక వరసలో కూర్చున్నాను. పాటలయ్యాయి. పాస్టరు గారు ప్రార్థన చేద్దాం అనగానే, అందరూ ఒక్కసారే గొంతెత్తారు. ఎవరి ప్రార్థన వాళ్లది. ఒకరి కోసం ఇంకొకరు ఆగడమన్న ముచ్చటే లేదు. షెడ్డంతా హోరు. ఆ హోరులోంచి ఒక గొంతు నిటారుగా పైకి లేచింది. చూస్తే మా అక్క. కళ్లు మూసుకుని, చేతులెత్తి, ఎవరినీ లెక్కచేయకుండా, ఆపకుండా, వార్డులో ఉన్న పేషెంట్ల కోసం, తన భర్త ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం, సీటు కోసం, నా భయం కోసం కూడా అడుగుతోంది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ గొంతు ఎక్కడ దాచిందో ఇన్నాళ్లూ.

బయటికి రాగానే పట్టుకున్నాను. అక్కా, గిదే గావాలె, గిట్లనే మాట్లాడు క్లాసుల అన్నాను. ఆమె భయపడిపోయింది, తప్పు మాటేదో అన్నట్టు చుట్టూ చూసింది.

"అది దేవునితోని చెల్లె. ఆయన అందరియి ఒక్కసారే వింటడు. గీళ్లు వినలేరు గద. నేను మాట్లాడితె ఇంకొకల మాట పోతది."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆమెది బెదురు అనుకున్నాను. బెదురు కాదు. ఎదుటివాళ్ల మాట పడిపోతుందని జాగ్రత్త. ఒక్క క్షణం నేనూ తడబడ్డాను. కానీ పరీక్ష దగ్గర పడుతోంది. "పోతె పోనియ్ అక్కా," అన్నాను. "వాళ్ల మాట వాళ్లే మళ్ల అందుకుంటరు." ఆమె ఆటో వచ్చేదాకా ఆలోచించి, నువ్వు చెప్తున్నవ్ గద, చూస్త అంది.

పరీక్ష రోజు నా గ్రూపుది ముందే అయిపోయింది. వంటింటి గుమ్మంలో, కెమెరాకు కనబడకుండా నిలబడ్డాను. అమ్మ నా వెనక నిలబడింది. పల్లెల్లో టీకాల గురించి జనాన్ని ఎట్లా ఒప్పించాలి అన్నది విషయం. నైజీరియా పెద్దమనిషి అందుకున్నాడు, ప్రవాహం. చైనా అమ్మాయిలు సందు చూసుకుని దూరారు. మళ్లీ ఆయన. అక్క తల ఒక పక్కకు వాలింది. టైము కరిగిపోతోంది. అప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. దిండు మీద పుస్తకాలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆయన వాక్యం మధ్యలో ఉండగానే గొంతెత్తింది.

షెడ్డులో విన్న గొంతే. ఇంగ్లీషులో. టీకా వద్దన్న తల్లిని కసిరితే ఇంకోసారి రాదు, ఎందుకు వద్దంటుందో అడిగి కూర్చుంటే చెప్తుంది, మనం ఇప్పటిదాకా మాట్లాడినవన్నీ ఆ తల్లికి ఏం చెప్పాలన్న దాని గురించే, ఆమెను ఏం అడగాలన్న దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు, కాబట్టి మీతో నేను ఏకీభవించను. ఫలానా వ్యాసంలో ఫలానా ఆయన కూడా దాన్ని వదిలేశారు, అది ఆ వ్యాసంలో లోపం. కళ్లు తెరవలేదు. తడబడలేదు. ప్రవాహం ఆగిపోయి వింటోంది. మొత్తం చెప్పేసి, ఊపిరి తీసుకుని, అలవాటు కొద్దీ గట్టిగా ఆమేన్ అంది.

అక్క కళ్లు తెరిచి, జరిగింది తెలిసి, చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నైజీరియా పెద్దమనిషి ఖంగుమనే గొంతుతో, ఆమేన్ అన్నాడు. మేడమ్ నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పింది. మా అమ్మ ఏమైంది ఏమైంది అని నా వీపు పొడుస్తోంది. లాప్‌టాప్ మూశాక అక్కను పట్టుకుని గుండ్రంగా తిప్పాను. పుస్తకాలన్నీ కింద పడ్డాయి.

ఇద్దరం పాసయ్యాం. మేడమ్ ఆమె గురించి రాసిన మాటల్లో, మాట్లాడేటప్పుడు దయచేసి కళ్లు తెరిచి ఉంచండి అని కూడా ఉంది.

తర్వాతి సంగతి పొడుగ్గా చెప్పాలని లేదు. ఆమె వీసా వచ్చింది. నాది రాలేదు. ఎందుకో రెండు వాక్యాల్లో రాశారు, ఎన్నిసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. వెళ్లే ముందు రోజు అక్క మా ఇంటికి వచ్చింది. అలవాటుగా నల్లా దగ్గర చేతులు కడుక్కుంది. హాల్లో ఎప్పటి చోట కూర్చుంది. నా వైపు చూసి, తల వాల్చి, ఆగింది. నేను మాట్లాడతానేమోనని. జీవితంలో మొదటిసారి వసపిట్ట నోరు పడిపోయింది. ఆమె అట్లాగే కూర్చుంది. అమ్మ టీ ఇచ్చింది, చల్లారింది, మళ్లీ వెచ్చబెట్టి ఇచ్చింది. బయట పిల్లలు ఆడుకుని ఇళ్లకు పోయారు. చివరికి లేచి, చెప్పులేసుకుంటూ, "నువ్వు మాట్లాడకుంటె నాకు భయమైతున్నది చెల్లె," అంది. అప్పుడు కూడా నేను ఏమీ అనలేకపోయాను. ఆటో దాకా నడిచాను.

మొదటి నెలల్లో ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేసేది. ముందు నన్నే చెప్పమనేది. నేను చెప్పేదాన్ని. కొత్త ఉద్యోగం, అమ్మ మోకాళ్లు, ఉప్పల్‌లో ట్రాఫిక్. అంత దూరం నుంచి కూడా ఆ ఆగడం వినబడేది. ఫోన్ కట్టయిందేమోనని హలో అనేదాన్ని. ఉన్న చెల్లె, చెప్పు అనేది. ఆ తర్వాత చదువు ఎక్కువైంది, పక్కన ఏదో పని కూడా చూసుకుంది, ఫోన్లు పలచబడ్డాయి. గొంతులో ఉషారు పెరిగింది. అక్కడి క్లాసులో ఎవరితో ఏమన్నదో చెప్పేది. నేను విని మురిసిపోయేదాన్ని. ఎవరూ లేనప్పుడు ఆ హాల్లో గోడకు చేరగిలబడి కూర్చుంటే, నోరంతా మాటలతో నిండిపోయి, చెప్పడానికి మనిషి లేక, దిగులు ముంచుకొచ్చేది. ఇప్పటికీ వస్తుంది. ఆమె మీద బెంగ అంటే ఆమె ఎట్లా ఉందోనని కాదు, బాగానే ఉంది. ఆమె పక్కన నేను ఎట్లా ఉండేదాన్నో, ఆ నేను మీద బెంగ.

ఆఫీసు మీటింగు జరిగిన ఆ వారమే ఆదివారం నేనే ఫోన్ చేశాను. ఒక మాట చెప్పాలి. మళ్లీ అప్లై చేద్దామనుకుంటున్నాను. అమ్మకు చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. మళ్లీ కాదంటే తట్టుకోలేనేమోనని నాకు నేనే గట్టిగా చెప్పుకోలేదు. అక్కకైతే చెప్పొచ్చు. ఆమె చివరిదాకా వింటుంది, ఆ తర్వాత కూడా కాసేపు ఆగుతుంది, ఆ కాసేపట్లో నాకు నిజంగా పోవాలని ఉందో లేదో నాకే తెలుస్తుంది. అందుకే చేశాను.

ఎట్లున్నవక్కా అని అడిగి, ఆమె మంచిగున్న అనగానే మొదలుపెట్టాను. "అక్కా, నేను మళ్ల..."

"ఆగు చెల్లె, ముందుగాల నాది విను."

విన్నాను. మొన్న క్లాసులో ప్రొఫెసర్ మన దేశాల దవాఖానాల గురించి ఏదో అంటుంటే, మధ్యలో ఆపిందట. కళ్లు తెరిచే ఉన్నానని నవ్వింది. ఆయన తను అనుకున్నది తప్పని ఒప్పుకుని, మీరేమనుకుంటున్నారో పూర్తిగా చెప్పండి అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడట. క్లాసంతా తన వైపే చూసిందట. ఆమె గొంతు పొంగిపోతోంది. ఎంత బాగుందో ఆ గొంతు. మధ్యలో ఒకసారి అక్కా అన్నాను, ఆమె అప్పటికే ఇంకో సంగతిలోకి పోయింది. బస్సొచ్చింది చెల్లె, మళ్ల చేస్త అని పెట్టేసింది.

సంతోషం కాదా అంటే ఎట్లా కాదు. ఫైలు పట్టుకుని వెనక నిలబడ్డ మా అక్కను ఒక ప్రొఫెసర్ కుర్చీ లాక్కుని కూర్చుని అడిగాడు. నేను ఆమె కోసం కోరుకున్నదే, నేను పట్టుబట్టి నేర్పించిందే. ఆమెకు దిష్టి తీయాలి. కానీ ఫోన్ పక్కన పెట్టి నేను చాలాసేపు ఏడ్చాను. అమ్మ వచ్చి ఏమైంది అని అడిగింది. అక్క మస్తు మంచిగున్నదంట అని చెప్పాను. అయితే ఏడుపెందుకు అని అడిగింది కానీ, జవాబు కోసం ఆగకుండా పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయింది. నేను చెప్పాలనుకున్న ఆ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు.